కాళ్లకు నీళ్లిచ్చు గడప

దూరము నడచి వచ్చినవానికి గడపలోనే కాళ్లకు నీళ్లిచ్చుట మన పెద్దలనాటి ఆచారము. వచ్చినవాడు చుట్టమైనను సరే, కన్నకొడుకైనను సరే, ముందు చెంబెడు నీళ్లు, తరువాతనే కుశలప్రశ్నలు. మహాశివరాత్రికి కావడి భుజాన నెత్తుకొని గంగాతలావునకు నడచిపోవు మన ద్వీపవాసులకు ఈ ఆచారపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. 1898వ సంవత్సరమున ట్రియోలే గ్రామమునుండి కొలదిమంది భక్తులు ఆ కొండచెరువునకు నడచిపోయి జలము తెచ్చిరి. నేడు లక్షలకొలది జనులు ఆ త్రోవ పట్టుచున్నారు. త్రోవ పొడవునను పందిళ్లు వేసి, పానీయములు, ఫలహారములు ఇచ్చువారును వేలకొలది గలరు.

నడచినవాని పుణ్యమును గూర్చి అందరును చెప్పుదురు. త్రోవలో నీళ్లిచ్చినవారి పుణ్యమును గూర్చి కొందరు చెప్పుదురు. నడక ముగించి ఇల్లు చేరినవానిని ఎదుర్కొను ఇంటివారి ధర్మమును గూర్చి చెప్పువారు అరుదు. పరుల మేలుకొరకు దీర్ఘపాదయాత్రలు చేయుట అరబ్బు ఎమిరేట్స్ దేశమున నేడు విరివిగ కానవచ్చుచున్నది. మన పిల్లలనేకులు కొలువులకై పోయి నివసించు దేశమది. కావున ఆ దేశపు నడకలను ఆధారముగ గొని ఈ విషయమును కొంత విచారింతము.

నడకయే బ్రదుకైన దేశము

ఆరు ఎమిరేట్స్ ఏకమై ఒక దేశముగ ఏర్పడినది 1971 డిసెంబరు 2వ తేదీన. అంతకు పూర్వమచ్చట నేటి రాజమార్గములు లేవు. అబూదబీ సముద్రతీరమున నున్నది. అల్ ఐన్ లోనాటనున్నది. రెంటికిని నడుమ దాదాపు 150 కిలోమీటర్ల ఇసుక. అల్ ఐన్‌లో ఊటనీరును ఖర్జూరపుతోటలును గలవు. వేసవి రాగానే తీరమందలి కుటుంబములనేకము ఒంటెలపై సామాను వేసికొని, కొందరెక్కియు కొందరు నడచియు, కొన్ని దినములు ప్రయాణముచేసి ఆ తోటల నీడకు చేరెడివి. ఎండలు తగ్గిన పిమ్మట మరల తీరమునకు వచ్చెడివి.

ఆ వేసవి నెలలలోనే అనేకులు మగవారు ముత్యపుచిప్పలకై సముద్రముమీదికి పోయెడివారు. ఇంచుమించు నాలుగు నెలలు పడవలయందే కాపురము. మన హైదరాబాదు విపణిలో వన్నెకెక్కిన ముత్యములు గల్ఫు సముద్రమునుండి వచ్చినవే. 1930 ప్రాంతమున లోకమంతట వ్యాపారము కుంటువడి, జపానువారు పెంచిన ముత్యములు చౌకగ వచ్చుటచే ఆ వృత్తి చెడిపోయినది. కాని ఆ కాలమందలి ఒక మాట మాత్రము నిలిచినది. పడవలన్నియు కూడబలుకుకొని ఇంటిదారి పట్టుటను వారు ‘గఫ్ఫాల్’ అందురు. ఆ మాటతోనే 1991 మొదలుకొని సర్ బు నయీర్ ద్వీపమునుండి దుబాయి తీరమునకు తెరచాపపడవల పందెము జరుపబడుచున్నది. ముత్యముల వేట పోయినది. వేటకు పోయినవారు ఇల్లు చేరిన దినమును మాత్రము ఆ జాతి మరువలేదు.

పాత వేసవి ప్రయాణములను స్మరించుచు 2015వ సంవత్సరమునుండి స్త్రీలు కొందరు అల్ ఐన్ నుండి అబూదబీవరకు దాదాపు 125 కిలోమీటర్లు ఐదు దినములు నడచు పద్ధతి ఒకటి ఏర్పడినది. మన ద్వీపపు ఉత్తరపు కొననుండి దక్షిణపు కొనకు పోయి మరల వచ్చినంత దూరమది. అరబ్బు స్త్రీలతోపాటు పరదేశపు స్త్రీలును నడతురు. రాత్రులు ఇసుకలో గుడారములు వేసికొందురు. అమ్మమ్మలు అవసరముకొరకు నడచిన త్రోవను మనుమరాండ్రు ఆ శ్రమను తెలిసికొనుటకొరకు నడచుచున్నారు. దీనిని దానధర్మమనలేము. కాని ధర్మార్థపు నడకకు కావలసిన మొదటి పాఠము ఇందున్నది. ఇతరుల కష్టమును చెవితో వినుట వేరు, కాలితో ఎరుగుట వేరు.

పరులకొరకు నడచినవారు

ఎమిరేట్స్ పౌరుడు జలాల్ బిన్ థనియా 2007వ సంవత్సరమున తన దేశమునుండి మక్కావరకు సుమారు 2,000 కిలోమీటర్లు నడచెను. అవయవలోపముతో పుట్టిన బిడ్డల యెడలను, బుద్ధిమాంద్యముగల బిడ్డల యెడలను లోకుల కన్ను తెరపించుటకై ఆయన పూనిన దీక్ష అది. మన ద్వీపము పొడవున దాదాపు 65 కిలోమీటర్లు. ఆ పొడవును ముప్పదిమారులు నడచినచో దాదాపు 2,000 అగును. దినమునకు 50 కిలోమీటర్ల చొప్పున నడచినను నలువది దినములు పట్టును. 2020వ సంవత్సరమున ఖాలెద్ జమాల్ అల్ సువైదీ అను మరియొక పౌరుడు అబూదబీలోని షేక్ జాయెద్ మహామసీదునుండి మక్కావరకు 2,070 కిలోమీటర్లు పరుగెత్తెను.

ఇట్టి నడక ఒక్కనివలన జరుగునది కాదు. ఆ దేశమున వేసవి పగళ్లు 45 డిగ్రీలను మించును. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 మొదలు 3 గంటలవరకు బయటి ఎండలో కూలిపని చేయింపరాదని ప్రభుత్వమే నిషేధించినది. కావున దీర్ఘయాత్రలు చలికాలముననే సాగవలెను. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదిరినప్పుడు నీడపట్టున ఆగవలెను. వెనుక ఒక వాహనము నీరు, ఉప్పు, ఆహారము, మందులు మోసికొని రావలెను. నీరు మాత్రమే త్రాగి ఉప్పు పుచ్చుకొననివాడు తల తిరిగి పడిపోవును. చెమటతో తడిసిన మేజోళ్లను దినమునకు రెండు మూడుమారులు మార్చనివాని పాదములు బొబ్బలెక్కును. ఈ వాహనము నడుపువాడు, మేజోళ్లు ఉతుకువాడు, గంజి కాచువాడు, ఇంటివద్ద దూరవాణి ప్రక్కన కూర్చుండి జాగరము చేయు తల్లి, వీరి పేర్లు పత్రికలలో రావు. అయినను ఆ నడకలో సగము వీరిదే.

ఇల్లు చేరని నడక

అబూదబీ, దుబాయి నగరములలో ఏండ్ల తరబడి ప్రతి చలికాలమునను ఒక ధర్మార్థపు పరుగు జరుగుచు వచ్చినది. పరుగనుటేగాని, అందు నడచువారే అధికులు. తండ్రులు బిడ్డలను భుజములపై నెక్కించుకొని వత్తురు. తల్లులు పసివారిని తోపుడుబండ్లలో తెత్తురు. భారతీయ కుటుంబములును కానవచ్చును. దాని పేరు టెర్రీ ఫాక్స్ పరుగు. ఆ పేరు గల పిల్లవాడు ఎమిరేట్స్ వాడు కాడు, ఆ దేశమును చూచినవాడును కాడు. అతని కథ కెనడా దేశమున జరిగినది. అది ఇంత దూరపు ఎడారికి ఎట్లు వచ్చినదో తెలిసికొనదగినది.

టెర్రీ ఫాక్స్ 1958లో జన్మించెను. 1977లో ఎముకకు క్యాన్సరు సోకుటచే అతని కుడికాలిని మోకాటి పైభాగమున తీసివేసిరి. ఆసుపత్రిలో తన ప్రక్కపడకలపై పసిబిడ్డలు అదే రోగముతో బాధపడుట అతడు చూచెను. పరిశోధనకు ధనము కూర్చవలెనని నిశ్చయించుకొని, కొయ్యకాలివంటి కృత్రిమపాదముతో కెనడా దేశమును ఈ సముద్రమునుండి ఆ సముద్రమువరకు దాటుటకు పూనుకొనెను. ఆ సంకల్పము వినగానే తల్లి బెట్టీ ఒప్పుకొనలేదు. ఏ తల్లి ఒప్పుకొనును? కాని కొడుకు పట్టుదల చూచి తుదకు సమ్మతించినది.

1980 ఏప్రిల్ 12వ తేదీన అతడు తూర్పుతీరమున బయలుదేరెను. స్నేహితుడు డగ్ ఆల్వర్డ్ బండి నడుపుచు వెనుక వచ్చెను. త్రోవలో తమ్ముడు డారెల్ వచ్చి కలిసెను. దినమునకు 42 కిలోమీటర్లవరకు సాగుచు, 143 దినములలో 5,373 కిలోమీటర్లు గడచెను. సెప్టెంబరు 1వ తేదీన థండర్ బే పట్టణసమీపమున రొమ్ములో నొప్పి పుట్టి ఆగిపోయెను. క్యాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకినది. నడచి చేరవలెనని తలచిన ఇంటికి అతనిని విమానములో చేర్చవలసి వచ్చినది. 1981 జూన్ 28వ తేదీన, 22 ఏండ్ల ప్రాయమున, కన్నుమూసెను.

ఇచ్చట కథ ముగిసియుండవలసినది. ముగియనీయనిది ఆ కుటుంబము. ఆ సంవత్సరమే సెప్టెంబరు 13వ తేదీన అతని పేర జరిగిన మొదటి పరుగులో మూడు లక్షలమంది పాల్గొనిరి. తల్లి బెట్టీ అటుపిమ్మట తాను జీవించిన ముప్పది ఏండ్లును, 2011లో మరణించువరకు, ఊరూర తిరిగి ఈ పనినే చేసెను. ఈ పరుగులో పందెము లేదు, బహుమతి లేదు. చేతనైనంత దూరము నడచి, ఇయ్యగలిగినంత ఇచ్చుటయే నియమము. ఈ రీతిగ లోకమంతట కూడిన ధనము 80 కోట్ల డాలర్లను మించినది. ఎమిరేట్స్ దేశమున కూడిన ధనము అల్ ఐన్ నగరమందలి ఎమిరేట్స్ విశ్వవిద్యాలయమున క్యాన్సరు పరిశోధనకు వినియోగింపబడినది. కుమారుడు నడచినది 143 దినములు. తల్లి నడిపినది 30 ఏండ్లు. ఏది దీర్ఘయాత్రయో పాఠకులే నిర్ణయింపవచ్చును.

ఆ దేశమునకే చెందిన మరియొక దృష్టాంతము గలదు. దేశస్థాపకుడు షేక్ జాయెద్‌కు 2000వ సంవత్సరమున అమెరికాదేశమున మూత్రపిండము మార్చిరి. ఆయన 2004 నవంబరు 2వ తేదీన మరణించెను. 2005 మొదలు ఆయన పేర న్యూయార్కు నగరమందలి సెంట్రల్ పార్కులో మూత్రపిండరోగుల సహాయార్థము 10 కిలోమీటర్ల పరుగు ఆరంభింపబడినది. తనవానికి వచ్చిన రోగమును తలచుకొని ఏడ్చుట మనుష్యసహజము. అదే రోగము గల పరాయివానికి సహాయపడుట ధర్మము. ఈ రెండు కథలును దీనినే బోధించుచున్నవి.

చందా విషయమున జాగ్రత్త

ఎమిరేట్స్ దేశమున మన పిల్లలుగల తల్లిదండ్రులు ఒక సంగతి తప్పక తెలిసికొనవలెను. అచ్చట ఎవరికి తోచినట్లు వారు చందాలు పోగుచేయుటకు వీలులేదు. 2021లో చేసిన చట్టము ప్రకారము, ప్రభుత్వపు అనుమతిపొందిన సంస్థలే విరాళములు స్వీకరింపవలెను. అనుమతి లేక వసూలుచేసిన వానికి చెరసాలయు, లక్షలకొలది దిర్హముల జరిమానాయు కలుగవచ్చును. ఒక స్నేహితుని శస్త్రచికిత్సకై నడుతుమనియు, ఊరి గుడి గోపురమునకై నడుతుమనియు చేతిఫోనులో ప్రకటన వేసి సొమ్ము అడుగుటయు నేరమే. సద్బుద్ధితో చేసినను నేరము నేరమే. కనుక నడక తలపెట్టినవారు ముందుగ అనుమతిగల ధర్మసంస్థను ఆశ్రయించి, దాతలు నేరుగ ఆ సంస్థకే ఇచ్చునట్లు చేయవలెను.

ఈ కట్టుబాటు కఠినముగ తోచినను, అందొక నీతి గలదు. దాత ఇచ్చిన సొమ్ము నడచువాని సంచిలోనికి రాదు. అతని చేతికి వచ్చునది శ్రమయే. చేయి శుభ్రముగ నున్నవాడు ఇంటికి వచ్చి తలయెత్తుకొని లెక్క చెప్పగలడు.

గడపలో చేయవలసినవి

ఇక ఇల్లు చేరిన వానికి ఏమి చేయవలెను? మొదటిది, కాళ్లకు నీళ్లే. ఇది ఆచారము మాత్రమే కాదు, వైద్యమును అగును. మధుమేహము మన ద్వీపమున అధికముగ గల రోగము. మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ తగ్గియుండవచ్చును. బొబ్బ పుట్టినను, ముల్లు దిగినను, వారికి తెలియదు. అట్టివారు వేడినీళ్లలో కాళ్లు పెట్టరాదు. ఇంటివారు తమ మోచేతితో వేడిమి చూచి, గోరువెచ్చని నీళ్లే పోయవలెను. వ్రేళ్ల సందులు పొడిగుడ్డతో తుడువవలెను. అరికాలు వెలుతురున చూడవలెను. బొబ్బలను సూదితో పొడువరాదు. పుండు కానవచ్చినచో మరునాడే వైద్యునికి చూపవలెను. భక్తితో నడచి అశ్రద్ధతో కాలు పోగొట్టుకొనుట ఏ దేవునికిని ప్రీతి కాదు.

రెండవది, ఓపిక. అనేక దినములు ఒక్క గురిమీద మనసు నిలిపి నడచినవానికి, గురి చేరిన పిమ్మట ఇల్లు వెలితిగ తోచుట కలదు. మాటలాడడు, నిద్రపట్టదు, చేయవలసిన పని తెలియదు. గర్వమని గాని, అలుక యని గాని ఇంటివారు తలపరాదు. కాలు ఆగినను మనసింకను త్రోవమీదనే యుండును. అది ఇల్లు చేరుటకు మరికొన్ని దినములు పట్టును.

మూడవది, సమారాధన. మన తెలుగువారిలో కాశికి పోయి వచ్చినవాడు ఇంటిలో సమారాధనచేసి, పదిమందికి అన్నముపెట్టి, తెచ్చిన గంగను పంచువరకు యాత్ర ముగిసినట్లు కాదు. చెన్నపట్టణపు న్యాయస్థానమున దుబాసీయగు ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. త్రోవలో చూచినదెల్ల వ్రాసియుంచుటచేతనే ఆ యాత్ర నేటికిని మనకు ఉపయోగపడుచున్నది. ఆయన తనకొరకు మాత్రమే పోయివచ్చి ఊరకుండిన యెడల మనకేమి మిగులును? ధర్మార్థము నడచినవారును అట్లే చేయదగును. ఇల్లు చేరిన ఆదివారమున ఇరుగుపొరుగును పిలిచి, ఎంత దూరము నడచితిమి, ఎంత సొమ్ము కూడినది, ఎవరికి ముట్టినది, ఏమి మిగిలిపోయినది అని చెప్పవలెను. ఫలహారముతోపాటు లెక్కయు పంచవలెను.

నాలుగవది, అన్నిటికంటె కష్టమైనది. ఏ రోగులకై నడచితిమో, ఏ బిడ్డలకై నడచితిమో, అట్టివారు మన వీధిలోనే యుందురు. ఎడారిలో 100 కిలోమీటర్లు నడచి వచ్చినవాడు, మూడిండ్ల అవతల మంచమున పడియున్న ముసలివానికడకు నడువలేకపోయినచో, ఆ నడక వ్యాయామమగునుగాని ధర్మము కానేరదు. ధర్మార్థపు నడక గడపలో ముగియదు. గడప దాటి ఇంటిలోనికి వచ్చినప్పుడే అది ధర్మమగును.

తిరిగిరానివారు

ఇంటికి వచ్చినవానిని ఎదుర్కొనుట మనబోటి కుటుంబములకు చిన్న విషయము కాదు. 1834 నవంబరు 2వ తేదీన మొదటి గిరిమిటియాలు ఈ ద్వీపమున దిగిరి. పిమ్మట మన తాతముత్తాతలు తెలుగునాటి పల్లెలనుండి కాలినడకను రేవులకు చేరి ఓడలెక్కిరి. కోరంగి రేవు పేరుతోనే ఇచ్చట మనవారిని కోరంగీలని పిలిచిరి. వారు పోర్ట్ లూయీ నగరమందలి అప్రవాసి ఘాట్ యొక్క 16 మెట్లెక్కినప్పుడు కాళ్లకు నీళ్లిచ్చినవారెవరును లేరు. వెనుక ఆ పల్లెలలో ఎందరు తల్లులు సాయంకాలమున గడపలో చెంబు పెట్టుకొని కూర్చుండిరో ఎవ్వరును వ్రాయలేదు. వారిలో అనేకుల కొడుకులు తిరిగిరాలేదు.

నేడు కరీంనగరము, నిజామాబాదు, కడప మున్నగు జిల్లాలనుండి గల్ఫునకు పోయిన కూలీలు ఏండ్లకొకసారి ఇల్లు చేరుచున్నారు. మన ద్వీపమునుండి పోయిన పిల్లలును సెలవులకు వచ్చి పోవుచున్నారు. వారిలో ఎవరైనను ఒక చలికాలపు ఉదయమున అబూదబీ తీరమున తెలియని రోగికొరకు నాలుగు అడుగులు నడచియుండవచ్చును. ఆ సంగతి వారు మనకు చెప్పకయు పోవచ్చును. కావున వచ్చినప్పుడు, జీతమెంతయని అడుగుటకు ముందు, ఎవరికొరకు నడచితివి నాయనా అని ఒక్కమారు అడుగుడు. చెంబెడు నీళ్లు మాత్రము అడుగకముందే ఇయ్యుడు.